ఎనిమిది రుమాళ్ల చీర

మనవరాలి మాడుకు ఆముదం అంటినప్పుడల్లా ఆ చిక్కటి వాసన నన్ను చీరాల పక్కన మా నేతపేటకు తీసుకుపోతుంది. అక్కడ నాకెప్పుడూ మధ్యాహ్నమే. ఆముదం, బూడిదనీళ్లు పట్టించి రంగులో ముంచిన నూలు పెరటి దండేల మీద ఆరుతుంటుంది. సముద్రపు గాలికి ఆ ఎరుపు కదులుతుంటే లోకమే నెమ్మదిగా ఊగుతున్నట్టు ఉండేది. దాని మధ్య గోడకు చేరగిలబడి, నూలుకు ముడులు కడుతూ సుబ్బాయమ్మత్త. మా పక్కింటావిడ. చుట్టరికం ఏమీ లేదు గానీ, అత్తా అని పిలవడానికి చుట్టరికం దేనికి?

ముడి వేసినచోట నూలుకు రంగు పట్టదు. అలా కట్టి, ముంచి, విప్పి, మళ్లీ కట్టి నేస్తే బట్టలో పువ్వు తేలుతుంది. మేము నేసిన ఎర్రటి చదరపు రుమాళ్లు ఓడెక్కి ఎడారి దేశాలకు పోయేవి. అక్కడివాళ్లు వాటిని తలకు చుట్టుకుంటారట. ఇసుకలో నడిచిపోయే మనుషులను, వాళ్ల తలలమీద మా పెరటి ఎరుపును ఊహించుకుంటూ నేను కండెలు చుట్టేదాన్ని. ఆడపిల్లకు అంతవరకే. ముడులు కట్టడం కోడళ్లకు నేర్పేవారు, కూతుళ్లకు కాదు. నేర్పితే ఇంటి గుట్టు అత్తారింటికి పోతుందని. నేను తొంగిచూస్తే ముడి కనపడకుండా అత్త మోకాలు అటు తిప్పేసుకునేది. ఎంత ఉక్రోషం వచ్చేదో!

అరవైల్లో ఒక ఏడు, మిల్లుల్లో అచ్చేసిన చౌక రుమాళ్లు ఆ దేశాలకు చేరాయి. మావి అడిగేవాళ్లు లేరు. ఒక్కో ఇంట్లో మగ్గం మూగబోయింది. మా నాన్న మగ్గానికి బేరం కుదుర్చుకుని పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో పనికి పోదామన్నాడు. మగ్గం పోతే మళ్లీ రాదని మాకందరికీ తెలుసు. అప్పుడు మా చేనేత సంఘం సెక్రటరీ గారు అందరినీ పిలిచారు.

"ఇదే పనితనంతో మన ఆడవాళ్లకి చీరలు నేద్దామండి. కాకపోతే చీరకి ముడులెక్కువ, చేతులు చాలవు. నాలుగిళ్లవాళ్లే దాచుకుంటే సాగదు. నేర్పేదెవరు?"

గుమ్మం దగ్గర నిలబడ్డ అత్త, "నేను నేర్పుతా. ముందు ఆడపిల్లలకే," అంది.

"ఇంటి గుట్టు బజార్న పెడతావా వదినా?" అని ఆమె మరిది లేచాడు.

"కొనేవాడు లేని గుట్టు దేనికయ్యా, ఉప్పేసి ఊరబెట్టుకోడానికా? నా కూతుర్ని ఏమీ నేర్పకుండానే పంపించా. ఇవాళ వాళ్లింట్లో మగ్గమూ లేదు, అది మట్టి మోస్తోంది."

ఆ మరిది మళ్లీ ఆమె గడప తొక్కలేదు. మరునాటి నుంచి సంఘం పాకలో ఆరుగురం ఆడపిల్లలం ఆమె చుట్టూ చేరాం. "ముడి బిగించు గానీ నూలుని ఏడిపించకే," అనేది. ఈ చీర సంగతి తేలేదాకా మగ్గం అమ్మనని నాన్న ఒప్పుకున్నాడు. నేత కూడా మా మగ్గం మీదే.

నేసి, కోసి, విప్పి పరిచారు. చూస్తే అది చీర కాదు, పక్కపక్కనే ఎనిమిది రుమాళ్లు! ప్రతి చదరానికీ నాలుగు వైపులా అంచు. కొంగే లేదు. మా చేతులకు తెలిసింది చదరమొక్కటే మరి. మగ్గం మీద కనపడేది మూరెడే, నేసింది నేసినట్టు కర్రకు చుట్టుకుపోతుంది. అందుకే ఎవరికీ తట్టలేదు. పాకలో ఎవరో ఫక్కున నవ్వారు. నాన్న కండువా దులుపుకుని లేచాడు. నాకు ఏడుపొచ్చింది.

"కూర్చో అన్నయ్యా," అంది అత్త. ఆ చీరను నా లంగా ఓణీ మీదే చుట్టి, "నడవ్వే," అంది. అందరి ముందూ సిగ్గుతో చచ్చిపోతూ నడిచాను. ఆమె బొగ్గుముక్కతో చీర మీద, కొంగు మొదలయ్యే భుజం దగ్గరో గీత, కుచ్చిళ్ల దగ్గరో గీత పెట్టింది. "ఇన్నాళ్లూ తలకి నేశాం. ఇది ఒంటికి. మగ్గం మీద మనకి నచ్చితే చాలదు, కట్టుకునేదాని ఒంటిమీద చూసి కట్టాలి ముడి."

ఆ గీతల ప్రకారం నేసిన రెండో చీర గుంటూరులో ఒక్క పూటలో అమ్ముడుపోయింది. మా మగ్గం మాకు మిగిలింది. అందరిదీ మిగల్లేదు, కొన్ని ఇళ్లు అప్పటికే ఖాళీ అయ్యాయి.

కొన్నేళ్లకు అత్తకు చూపు మందగించింది. అప్పుడొచ్చింది ఆమె కూతురు, మట్టి మోసి కాయలు కాసిన చేతులతో. "నేను నేర్పాల్సినప్పుడు నేర్పలేదు. ఇప్పుడు కళ్లు లేవు. నువ్వు నేర్పవే," అని అత్త నా చెయ్యి పట్టుకుంది. సరేనన్నాను. తీరా ఆ కూతురు నా పక్కన కూర్చుని నా చేతుల వైపు వంగి చూసేసరికి, నా మోకాలు దానంతటదే అటు తిరగబోయింది. నాకే భయమేసింది. ఆపుకున్నాను.

ఆముదపు చేతులు తుడుచుకుని నేనిప్పటికీ ముడులకు కూర్చుంటాను. ఎవరైనా వచ్చి చూస్తుంటే మోకాలు వాళ్లవైపే తిప్పుకుని, కాస్త జరిగి చోటిస్తాను.