అత్తయ్య కాశీవాసం

తెల్లదొరలు వెళ్ళిపోయిన మరుసటి ఏడు మా అత్తయ్యకి పిచ్చెక్కింది. ఆవిడ నాన్న చెల్లెలు. చిన్నతనంలోనే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. నాకు తల దువ్విందీ, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ ఆవిడే. కురిడీల కోసం అటక మీద ఆరబోసిన కొబ్బరికాయల్లో ఎవరో ఏడుస్తున్నారంటూ ఒకరోజు కాయలన్నీ కిందికి దొర్లించేసింది. ఒక్కసారైతే చాదస్తం అనుకునేవాళ్ళం. రోజూ దొర్లిస్తుంటే పిచ్చి అన్నాం. మా కాయలు కొనే అంబాజీపేట షావుకారు మాత్రం కాయల గురించి బాధపడ్డాడు.

పిచ్చాసుపత్రిలో చేర్చడం ఆషామాషీ వ్యవహారం కాదు. డాక్టర్లు పిచ్చి అని రాసివ్వాలి, మేజిస్ట్రేటు నమ్మాలి. అమలాపురంలో మేజిస్ట్రేటుగారు "ఏమ్మా, బాగున్నావా?" అని అడిగితే, "ఆయ్, బాగున్నానండీ. తమరు కులాసాయేనా?" అంది అత్తయ్య. ఆయన కాసేపు తటపటాయించి సంతకం పెట్టారు.

ఊళ్ళో మాత్రం కాశీ వెళ్ళిందని చెప్పాం. ఇంట్లో పెళ్ళికెదిగిన ఆడపిల్లలం ముగ్గురం. పిచ్చి ఉన్న ఇంటి పిల్లని ఎవరు చేసుకుంటారు? పైగా గోదావరి దాటి రైలెక్కేదాకా కాశీకైనా ఆసుపత్రికైనా దారి ఒకటే.

కొన్నాళ్ళకి నాన్న చూడటానికి వెళితే, నయమైంది, తీసుకెళ్ళమన్నారు డాక్టరుగారు. వారంలో వస్తానని చెప్పి నాన్న ఇంటికొచ్చాడు. అమ్మ గుమ్మంలోనే ఆపింది.

"కాశీ నుంచి ఆవిడ వట్టి చేతుల్తో వస్తారాండీ? గంగచెంబులేవీ? ఊరందరికీ సమారాధన చెయ్యాలి. నలుగురూ చేరి విశ్వేశ్వరుణ్ణి ఎలా చూసేరండీ అంటే ఏం చెబుతారావిడ? అబద్ధమాడ్డం కూడా రాదాయె!"

అదీ నిజమే. అత్తయ్యకి రాని విద్య అదొక్కటే. నా పెళ్ళయ్యాక తీసుకొద్దామనుకున్నారు. నా పెళ్ళయింది. పెద్ద చెల్లెలి పెళ్ళయ్యాక అనుకున్నారు.

రాజోలు కాపురానికి వెళ్ళేముందు పట్టుబట్టి నాన్నతో వెళ్ళి అత్తయ్యని చూశాను. ఆవిడ నా జడ విప్పి, నున్నగా దువ్వి మళ్ళీ అల్లింది. అల్లుతూ అంది, "నాకు తగ్గిపోయిందే. కాయల్లో ఎవరూ లేరు, నాకు తెలుసు. కాశీ వెళ్ళేనని చెప్పేరటగా? వెళ్ళినోళ్ళు తిరిగొస్తారు కదే. మీ నాన్నతో చెప్పు."

చెప్పాను. రైల్లో అందరూ వింటూండగా గట్టిగానే చెప్పాను. "చిన్నదాని పెళ్ళి కూడా కానీ తల్లీ," అన్నాడు నాన్న కిటికీలోంచి చూస్తూ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత కాకినాడ దాకా ఆయనతో మాట్లాడలేదు. ఆయనకి అదే హాయిగా ఉన్నట్టుంది.

పెద్ద చెల్లెలి పెళ్ళీ అయింది. చిన్న చెల్లెలికి మాఘమాసంలో ముహూర్తం కుదిరింది. పుష్యంలో అత్తయ్య జ్వరంతో పోయింది. కర్మలన్నీ నాన్న అక్కడే చేసి వచ్చాడు. పరామర్శకి వచ్చినవాళ్ళు ఏడవలేదు సరికదా, ఎంత అదృష్టవంతురాలండీ అని నాన్నని మెచ్చుకుని వెళ్ళారు. ఆయన అందరికీ చేతులు జోడించాడు. పెళ్ళి ఏ లోటూ లేకుండా జరిగింది.

నేను రాజోలు వచ్చి, వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఎంతకీ ఆగలేదు. మా అత్తగారు మంచి మనిషి. నా పక్కన చతికిలబడి కొంగుతో నా ముఖం తుడిచింది.

"ఊరుకోమ్మా. కాశీలో పోయినోళ్ళ కోసం ఏడవకూడదు. వాళ్ళు మళ్ళీ తిరిగి రానక్కర్లేదు."