భూమి వేడి మీద నేను రాసిన పది పాయింట్లు

నేను రాసినవాటిలో ఎక్కువమంది చదివింది ఒక జిరాక్సు కాగితం. దాని మీద నా పేరు లేదు. లేనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను గానీ, అప్పట్లో కొంచెం బాధపడ్డాను కూడా.

హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. అమీర్‌పేటలో ఇరుకు మెట్లున్న ఒక భవనం రెండో అంతస్తులో, జావా క్లాసుకీ టెస్టింగ్ క్లాసుకీ మధ్య గదిలో నేను గ్రూప్ డిస్కషన్ నేర్పేవాణ్ణి. రాతపరీక్ష దాటినవాళ్ళని కంపెనీలు పదిమంది చొప్పున ఒక టేబుల్ చుట్టూ కూర్చోబెట్టి, ఒక టాపిక్ ఇచ్చి, వాదించుకోమనేవి. బాగా వాదించినవాళ్ళకే ఇంటర్వ్యూ. మా దగ్గర ప్రతి టాపిక్‌కీ ఒక కాగితం ఉండేది, అవునంటూ ఐదు పాయింట్లు, కాదంటూ ఐదు. రోల్ నంబరు సరి సంఖ్య అయితే అవునని వాదించాలి, బేసి అయితే కాదని.

భూమి వేడెక్కడానికి మనిషే కారణమా అన్న టాపిక్ అప్పుడు ఎక్కడ చూసినా ఉండేది. టీవీలో తెరని రెండు గళ్ళు చేసి ఇద్దరు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టేవారు. అరగంట అరుచుకున్నాక, నిర్ణయం మీదే అని మనకి వదిలేసేవారు. మా ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు అది చూసి మర్నాడే వచ్చాడు. "సార్, దీని మీద సుత ఒక కాగితం కావాలె. ఐదు గిట్ల, ఐదు గట్ల. రెండు దిక్కులా బరాబర్ ఉండాలె."

అవుననే ఐదూ పది నిమిషాల్లో అయిపోయాయి. బొగ్గు, పెట్రోలు, నరికిన అడవులు, వేడిని బయటికి పోనివ్వని పొగ, కరుగుతున్న మంచు. పేపర్లో ఉన్నదే రాసేశాను. కాదనే ఐదు దగ్గరే చిక్కొచ్చింది. రెండు సాయంత్రాలు ఇరానీ హోటల్లో కూర్చుని, పంతం పట్టి, వాటిని చెక్కాను. సూర్యుడే ఒకసారి మండుతాడు, ఒకసారి చల్లబడతాడు అన్నాను. మనిషి పుట్టకముందే మంచుయుగాలు వచ్చి పోలేదా అన్నాను. ఒక్క అగ్నిపర్వతం బద్దలైతే ఫ్యాక్టరీలన్నీ కలిపి వదిలే పొగకి మించిపోతుందన్నాను. ఇది ఎక్కడ చదివానో నాకే గుర్తులేదు. రేపటి వాన సంగతి చెప్పలేనివాళ్ళు వందేళ్ళ తర్వాతి ఎండ గురించి చెబుతారా అన్నాను. ఐదోది ఇప్పుడు చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది, వదిలేస్తాను.

ఉన్నమాట తేలిగ్గా వచ్చింది కాబట్టి చప్పగా ఉండిపోయింది. లేనిమాటకి కష్టపడ్డాను కాబట్టి దానికి ఉప్పూ కారం బాగా పడ్డాయి. మా గదిలో ప్రతిసారీ బేసి నంబర్లే గెలిచేవాళ్ళు. అదంతా నా ప్రతిభే అనుకుని లోలోపల మురిసిపోయేవాణ్ణి.

ఆ బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉండేది. ఎంసీఏ చదివింది. ఇల్లు మాసబ్ ట్యాంక్ వెనకాల. వాళ్ళ నాన్నకి పంజాగుట్ట సందులో కూలర్లు బాగుచేసే దుకాణం. రెండు కంపెనీల్లో రాతపరీక్ష పాసై, రెండుసార్లూ టేబుల్ దగ్గర పోయింది. మూడో కంపెనీ ఏప్రిల్‌లో ఉంది. అదీ పోతే జూన్ నుంచి మేనత్త నడిపే బడిలో లెక్కలు చెప్పాలని ఇంట్లో మాటైపోయింది. "నాకు పిల్లలకు చెప్పుడు రాదు సార్. కోడ్ రాసుడు వస్తది. గదొక్కటే వస్తది," అంది నాతో ఒకరోజు. ఆ మూడో కంపెనీ వేరే ఊళ్ళలో ఇదే టాపిక్ ఇస్తోందని అమీర్‌పేటకి కబురు వచ్చేసింది. అలాంటి కబుర్లు మాకు పేపరు కంటే ముందు అందేవి.

ఆమెది సరి సంఖ్య. వాదించిన ప్రతిసారీ ఓడిపోయేది.

ఒకరోజు ప్లాస్టిక్ కవరులో ఏదో కట్ట చుట్టుకుని వచ్చింది. తన వంతు రాగానే ఇంగ్లీషులో మొదలుపెట్టి, తడబడి, తెలుగులోకి దిగింది. "మా అబ్బా కూలర్లు బాగుచేస్తరు. ప్రతి సాలు, ఎండాకాలం మొదలైతుందనంగ, కూలర్‌కు గడ్డి మార్చమని మొదటి కబురు ఏ రోజొస్తదో ఆ తారీకుకు సున్న చుడ్తరు. ఆ నెల కాగితం చించి దాస్తరు. చూడుండ్రి, పాతయన్నీ మార్చి నెలవి. మధ్యల ఫిబ్రవరి ఆఖరు. ఇప్పుడు ఫిబ్రవరి నడుమకే వస్తుంది." కట్ట విప్పి టేబుల్ మీద పరిచింది. పెద్ద అంకెల గోడ క్యాలెండర్ల కాగితాలు. అన్నిటికీ పైన ఒకేచోట మేకు చిల్లు.

బేసి నంబరు కుర్రాడు ఒకడు, మా గుంటూరు వైపువాడే, వెంటనే అందుకున్నాడు. "హాస్టళ్ళు పెరిగాయండీ, కూలర్లు పెరిగాయి. పదిమంది పిలిచే చోట వెయ్యిమంది పిలుస్తుంటే మొదటి ఫోను ముందే వస్తుంది కదా. దానికి భూమి ఏం చేసింది?"

గది గదంతా నవ్వింది. పాయింటు నాకూ నచ్చింది. "లేదు, అబ్బా ఒక్క..." అని ఆమె నోరు తెరిచేసరికి నా స్టాప్‌వాచ్ మోగింది. మోగాక ఎవరూ మాట్లాడకూడదన్నది నేను పెట్టిన నియమం. "టైం" అన్నాను. ఆమె కాగితాలు ఒక్కొక్కటే సర్దుకుంది.

క్లాసయ్యాక ఆగి అడిగింది. "సార్, ఒక్క మాట. రెండింట్ల ఏది నిజం?"

"ఇక్కడ నిజంతో పనిలేదమ్మా. టేబుల్ దగ్గర ఏది నెగ్గితే అదే. నీకు ఉద్యోగం కావాలా వద్దా? అక్కడ రోల్ నంబర్లు ఉండవు, ఏ వైపైనా తీసుకోవచ్చు. బేసివాళ్ళ ఐదూ బట్టీ పట్టెయ్."

"గట్లంటే అబ్బా చూసింది..."

"ఇంటి సంగతులు టేబుల్ మీద పెట్టకు. వాటికి మార్కులు పడవు."

ఆమె తల ఊపి, బేసివాళ్ళ కాగితం తీసుకుంది. చెప్పింది చెప్పినట్టు చేసే విద్యార్థి.

ఉద్యోగం వచ్చింది. స్టీలు డబ్బాలో డబుల్ కా మీఠా తెచ్చింది. "ఐదూ చెప్పిన సార్. అగ్నిపర్వతం మాటకు ప్యానెల్‌ల ఒకాయన తలూపిండు." నా సంతోషం ఇంతా అంతా కాదు. డబ్బాలో సగం నేనే ఖాళీ చేశాను. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "ఏం చెప్పి గెలిచినవ్ బిడ్డా అని అబ్బా అడుగుతున్నరు. చెప్పాల్నా సార్?"

"చెప్పు, అందులో దాచేదేముంది," అన్నాను నోటినిండా మీఠాతో.

ఏడాది తిరిగాక భూగర్భశాస్త్రం చదివిన కుర్రాడొకడు మా క్లాసులో చేరాడు. మొదటి వారంలోనే నన్ను పక్కకి పిలిచాడు. "సార్, అగ్నిపర్వతాల లెక్క పూర్తిగా తలకిందులండి. మనం వదిలేదాని ముందు అవి వదిలేది ఏ మూలకీ రాదు." నాకు కోపం వచ్చింది. వాణ్ణి తప్పని తేల్చడానికే ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి కూర్చున్నాను. మూడు రోజులు చదివాక ఐదు పాయింట్లలో ఒక్కటీ నిలబడలేదు. మంచుయుగాలు వచ్చి పోయినమాట నిజమే. కానీ అప్పుడు మనం చేయలేదు కాబట్టి ఇప్పుడూ మనం చేయడం లేదని ఎలా అవుతుంది? ఈపాటి ప్రశ్న రెండు సాయంత్రాల్లో నాకు ఒక్కసారీ తట్టలేదు. మా ఇన్‌స్టిట్యూట్‌లో ఆ కాగితం ఆపించాను గానీ, అప్పటికే అమీర్‌పేటలో ప్రతి జిరాక్సు దుకాణంలోనూ దానికి నకళ్ళు ఉన్నాయి.

ఆ మరుసటి ఫిబ్రవరిలో నేను అద్దెకుండే పైఅంతస్తు గదికి ఎండ ముందే వచ్చేసింది. కూలర్ గడ్డి పొడిపొడిగా రాలుతోంది. ఎవరికి చెప్పాలా అని ఆలోచిస్తే పంజాగుట్ట దుకాణం గుర్తొచ్చింది. ఆ పెద్దాయనని నేను ఒక్కసారే చూశాను, కూతుర్ని చేర్పించడానికి వచ్చినప్పుడు. ఆయన మాత్రం దూరం నుంచే గుర్తుపట్టాడు. గోరింట పెట్టిన గడ్డం, వేళ్ళనిండా గడ్డిపోచలు.

"అరే సార్! రండ్రి, కూసోండ్రి. మీ దయతోని బిడ్డ కంపెనీల మస్తు పని చేస్తుంది."

కూర్చున్నాను. ఎదురుగా గోడకి మేకు, మేకుకి ఆ కట్ట. పైకాగితం రెండేళ్ళ కిందటిది.

"ఆపేశారేం భాయ్?"

"బంద్ చేసిన సార్." చెక్కచట్రంలో గడ్డి కూరుతూనే చెప్పాడు. "బిడ్డ చెప్పింది గదా. సూర్యుడు, అగ్నిపర్వతం, అన్నీ. దావత్‌ల చుట్టాలందరి ముంగట సుత చెప్పించిన. ఏం చెప్పింది సార్! అందరూ వాహ్వా అన్నరు. గవన్నీ మీరే రాసిచ్చిన్రంట. చదువుకున్నోళ్ళు రాసింది తప్పెట్లైతది? నేనే ఏదో అనుకొని, ఇన్నేండ్లు కాగితాలు చించుకుంట కూసున్న."

ఆయన గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది.

"భాయ్, అవి నిజమని రాయలేదు. బేసి నంబర్లవాళ్ళకి కూడా ఐదు ఉండాలి కదా అని రాశాను. ఐదూ తప్పే. మీ కాగితాలు భూమి మొత్తానికి రుజువు కాకపోవచ్చు, కానీ మీరు చూసింది చూసినట్టు పెట్టారు. నేను చూడనిది రాశాను."

గడ్డి కూరే చెయ్యి ఆగింది. "బిడ్డకు ఎరుకనా ఇది?"

"అప్పుడే అనుమానం వచ్చింది. ఏది నిజమని నన్ను అడిగింది కూడా. నేనే మాట దాటేశాను."

ఆయన వేళ్ళకంటుకున్న గడ్డిపోచలు ఒక్కొక్కటే దులుపుకున్నాడు. బయట షేర్ ఆటోవాడు అమీర్‌పేట, అమీర్‌పేట అని అరుస్తున్నాడు. నేను లేచి, జేబులోంచి పెన్ను తీసి, పక్క గోడకున్న ఈ ఏటి క్యాలెండర్ దగ్గరికి వెళ్ళాను. "ఈ ఏడు మొదటి కూలర్ నాదే కదా భాయ్. ఇవాళ్టికి నేనే సున్న చుడతాను."

ఆయన గబుక్కున లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. నవ్వుతున్నాడు. "మీది లెక్కల రాదు సార్."

"ఎందుకు రాదు?"

"శ్రీనగర్ కాలనీల ఒక్క ఇల్లున్నది. నేను పని నేర్చిన కాడికెల్లి గదే ఇల్లు, గదే కూలర్, గదే అమ్మ. ఆమె పిలిస్తెనే రాస్త. హాస్టళ్ళోళ్ళను పట్టుకుంటే లెక్క ఖరాబైతది సార్, గవి రోజుకొకటి లేస్తున్నయ్."

అబ్బా ఒక్క... అని ఆగిపోయిన మాటకి మిగతా సగం ఇదీ. గుంటూరు కుర్రాడి ప్రశ్నకి జవాబు ఆ పిల్ల దగ్గర ఉంది. ఇంకో పది క్షణాలు నేను ఆగి ఉంటే చెప్పేది.

ఆయన నా పెన్ను తీసుకున్నాడు. "పోయిన జుమేరాత్ నాడు పిలిచింది అమ్మ" అంటూ గురువారాల వరసలో ఒక తారీకుకు సున్న చుట్టాడు. కాగితం జాగ్రత్తగా చించి, మేకుకి గుచ్చాడు. నా గుండె కాస్త తేలికపడింది.

"మరి పోయినేడుది?"

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "యాద్ లేదు సార్. గా అమ్మను సుత అడిగినా లాభం లేదు, ఆమెకేం యాదుంటది."

"సుమారుగా ఒకటి వేసేయండి భాయ్. ఎలాగూ ఫిబ్రవరి మధ్యలోనే ఉంటుంది కదా."

ఆయన నవ్వడం మానేసి నా మొహంలోకి చూశాడు. "అందాజతోని ఎట్ల పెడ్త సార్? నేను చూడలే గదా," అని పెన్ను నా చేతిలో పెట్టి, మళ్ళీ గడ్డి దగ్గర కూర్చున్నాడు.

ఆ కట్టలో ఆ ఒక్క ఏటి కాగితం ఇప్పటికీ లేదు.