గట్టుకు గెంతిన పెళ్ళికొడుకు

ముందుగా ఫోటోలు దిగకపోతే పెళ్ళే చెల్లదేమోనన్న భయం ఇళ్ళల్లో కొత్తగా పట్టుకున్న రోజుల్లో నాకు సంబంధం కుదిరింది. మాది మౌలాలి, వాళ్ళది ఏ.ఎస్. రావు నగర్. రెండిళ్ళ మధ్య ఆటోలో పావుగంట దూరం. అయినా మా ప్రేమ ఏ కోనసీమలోనో పుట్టినట్టు కనబడాలని రెజిమెంటల్ బజార్ ఫోటోగ్రాఫర్ పట్టుబట్టాడు. (ప్రేమ అంటున్నాను గానీ, అప్పటికి మేము కలిసింది స్వీటు షాపులో ఒక్కసారి, అదీ ఇద్దరు అమ్మల మధ్య కూర్చుని.) ఆ ఫోటోగ్రాఫర్‌ను అందరూ ఫ్లాష్ అన్న అనేవాళ్ళు. సిటీ దాటించి మమ్మల్ని పొలాల్లోకి తీసుకెళ్ళాడు. అక్కడొక కాలువ, దాని మీద ట్రాక్టరు పట్టేంత ఇరుకు వంతెన, పక్కనే గట్టుకు కట్టేసిన చేపలవాళ్ళ పడవ. దానికి ప్లాస్టిక్ బంతిపూలు చుట్టి మమ్మల్ని ఎక్కించాడు. కాలువ కంపు భరించలేక నేను ముక్కు మూసుకుంటే, "వాసన ఫోటోల రాదు చెల్లె, జెర నవ్వు" అన్నాడు.

నవ్వాను. కాబోయే ఆయన అద్దె షేర్వాణీలో నా భుజం మీద చెయ్యి వేసి, ఇక జన్మలో వదలనన్నట్టు చూస్తున్నాడు. అంతలో నీళ్ళలో ఏదో కదిలింది. పామని ఆయన ఇప్పటికీ అంటాడు. నాకైతే పాత సైకిల్ ట్యూబులా కనిపించింది. ఒక్క గెంతు గెంతి గట్టు మీద పడ్డాడు. ఆ తన్నుకు ముడి ఊడింది (తాడు అందంగా వేలాడాలని ఫ్లాష్ అన్న వదులుగా కట్టాడు), నేనూ బంతిపూలూ వంతెన కిందికి ప్రయాణమయ్యాం. వెనక్కి తిరిగి చూస్తే ఆయన షేర్వాణీకి అంటిన బురద దులుపుకుంటున్నాడు.

వంతెన మీద గడ్డిమోపుతో పోతున్న ఒకామె ఆగి, నిలబడకుండా కూర్చోమని నాకు పైనుంచే చెప్పింది. మోపు దించి, చీర ఎగదోపుకుని కాలువలో దిగింది. మొండికేసిన బర్రెను లాక్కొచ్చినట్టు పడవను గట్టుకు లాక్కొచ్చింది. నన్ను చెయ్యి పట్టి దింపి, దూరంగా ఉన్న షేర్వాణీ ఎవరిదని అడిగింది. పెళ్ళికొడుకని చెప్పాను.

"పెండ్లి అయిందా?"

"ఇంకా కాలే. వచ్చే నెల."

"అయితే ఇంకా టైముంది" అని, మోపు నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి ఈ పెళ్ళి వద్దన్నాను. పాముకు భయపడని మగాడు ఎక్కడున్నాడో చూపించమంది అమ్మ. కార్డులు పంచేశాం కదా అన్నాడు నాన్న. అంత తెలివైనదానివైతే నువ్వూ దూకాల్సింది అని తేల్చేసింది మేనత్త (మా ఇంట్లో తీర్పులన్నీ ఆవిడవే). అలిగి అన్నం మానేశాను. ఆకలేసి తిన్నాను. తినడాన్నే వాళ్ళు ఒప్పుకోవడం కింద జమకట్టారు.

కాపురానికి వెళ్ళాక తెలిసింది, సంగతి పాముది కాదని. అత్తగారు నా వంటకు వంక పెట్టినా, ఆడపడుచు నన్ను ఉద్యోగం మానెయ్యమన్నా, ఆయన ఫోను చెవికి ఆనించుకుని బాల్కనీలోకి పోయేవాడు. ఉద్యోగం మానేశాను. ఇక నలుగురు చేరిన చోటల్లా ఆయన కాలువ కథ చెబుతాడు. ఏటేటా పాము నాగుపాము అయింది, కాలువ నది అయింది. తాను గెంతింది తాడు అందుకుని నన్ను కాపాడటానికేనట. గడ్డిమోపు ఆమె ఆ కథలో లేదు.

మొన్న ఆడపడుచు కూతురి నిశ్చితార్థంలోనూ చెప్పాడు. అంతా విని ఆ పిల్ల నా వైపు తిరిగింది. "నీకు భయం కాలేదా అత్తమ్మా?"

"పడవల ఉన్నంతసేపు కాలే బిడ్డా. గట్టుకొచ్చినంకనే షురువైంది."

అందరూ నవ్వారు, మా ఆయన మరీ గట్టిగా. నాకూ నవ్వొచ్చింది. ఇంత చక్కటి మాట ఆ వయసులో, మేనత్త ముందు, నోటికెందుకు రాలేదో అనుకుంటూ డబల్ కా మీఠా ఇంకో చెంచా వేసుకున్నాను.