మూత పెట్టి తీసిన ఫొటోలు

నా చిన్నప్పుడు పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద దీపాలు ఒక గంట ఆర్పించడమంటే మాటలు కాదు. దొంగలు పడతారని ఒకరు, పిల్లలు పడిపోతారని ఒకరు అడ్డం కొట్టారు. పక్కింటి అక్క అందరి కాళ్లావేళ్లా పడి ఆ గంట సంపాదించింది. చుక్కలు పుట్టే రంగుల మబ్బును, అదే నెబ్యులాను, ఫొటో తీసి చూపిస్తానని మాటిచ్చింది. చూపించలేకపోతే ఇంకెప్పుడూ దీపాల ఊసెత్తొద్దన్నారు అసోసియేషన్ పెద్దలు.

తొమ్మిదేళ్ల నేను ఆమెకు అసిస్టెంటుని. ఆ సాయంత్రం సంబరంతో నాకు అన్నం కూడా సయించలేదు.

ఆకాశంలో ఒకే చోటును అక్క వందసార్లు తీసింది. విడిగా చూస్తే ఏ ఫొటోలోనూ మబ్బు కనబడదట, అన్నీ కలిపితేనే రంగు తేలుతుందట. గంట కాగానే వాచ్‌మన్‌కు చెప్పి దీపాలు వేయించి వచ్చాను. అక్క కెమెరా నా చేతిలో పెట్టి లాప్‌టాప్ కోసం కిందికి వెళ్లింది. నేను ఊరుకుంటానా, ఫొటోలన్నీ తిప్పి చూశాను. చివరి ముప్పై కటిక నలుపు, ఒక్క చుక్కా లేదు. అక్క కెమెరా మూత తీయడం మరిచిపోయిందనుకుని, ఆమె పరువు కాపాడదామని అన్నీ చెరిపేశాను. రాగానే గొప్పగా చెప్పాను కూడా.

అక్క ముఖం పాలిపోయింది. కానీ తిట్టలేదు. ఉన్న ఫొటోలను కలిపి చూపించింది. తెర నిండా ఎర్రవి, నీలివి చుక్కలే చుక్కలు. నేను చప్పట్లు కొట్టాను.

"గవి చుక్కలు గావు, కెమెరాకున్న మచ్చలు. మూత పెట్టి తీస్తే ఆ మచ్చలొక్కటే పడ్తయి. గవి తీసేస్తేనే ఆకాశం మిగుల్తది" అంది. "ఫికర్ చెయ్యకు. మూత పెట్టినంక దీపాలున్నా ఒకటే. ఇగ నువ్వే తియ్."

ఒక చేత్తో మూతను అదిమిపట్టి, ఇంకో చేత్తో నొక్కుతూ ముప్పై తీశాను. చలికి వేళ్లు కొంకర్లు పోయినా వదల్లేదు. అక్క వాటిని కలిపి ఏదో నొక్కింది. మచ్చలన్నీ మాయమై, నడుమ గులాబీ రంగు మబ్బు రెక్కలు విప్పుకుని తేలింది. నేను పెట్టిన కేకకు, అడ్డం కొట్టిన పెద్దలే శాలువాలు కప్పుకుని పైకి పరుగెత్తుకొచ్చారు. వచ్చే నెల దీపాలు ఎప్పుడు ఆర్పాలో వాళ్లే అడిగారు.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. ఎవరి తప్పో కనబడి కోపం ముంచుకొస్తే, నోరు తెరిచే ముందు, మూత పెట్టినట్టు ఒక్క నిమిషం కళ్లు మూసుకుంటాను. ఆ తప్పులో నా వంతు ఎంతో చూసుకుని తీసేస్తాను. చాలాసార్లు తిట్టడానికి ఏమీ మిగలదు.