చెవుల లెక్క

మొన్న ఉదయం పత్రికలో, మన దేశంలో చిప్‌ల కర్మాగారాలు పెడుతున్నారనీ, ఇతర దేశాల సరసన మనం ఎక్కడ నిలబడగలమో అంచనా వేసి చెప్పమని ప్రభుత్వం నిపుణులను కోరిందనీ చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాను. ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. అరవయ్యో దశకం తొలినాళ్ళలో, కరీంనగర్‌లోని పరిశ్రమల కార్యాలయంలో చిన్న ఉద్యోగిగా ఉన్న రోజుల్లో, దాదాపు అదే ప్రశ్న నా ముందుకు వచ్చింది.

రేడియో ఉన్నవారు పోస్టాఫీసులో లైసెన్సు తీసుకోవలసిన ఆ కాలం మన తరంవారికి గుర్తుండే ఉంటుంది. రేడియోలు కూర్చడం నేర్పే శిక్షణ కేంద్రం మా జిల్లాకు ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి, రాబోయే పదేళ్ళలో ఇక్కడ గిరాకీ ఎంత ఉంటుందో, విదేశీ సరుకుతో మనం పోటీ పడగలమో లేదో రాసి పంపమని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. కోస్తా నుంచి బదిలీపై వచ్చిన మా పై అధికారి లైసెన్సుల సంఖ్య తెప్పించి, అది స్వల్పం గనుక గిరాకీ లేదని రాసేయమన్నారు. క్రమపద్ధతి అంటే నాకూ ప్రాణమే. అయినా ఆ లెక్క నాకు మింగుడుపడలేదు. ఆ కేంద్రం రాకపోతే మా జిల్లా పిల్లలకు నస్పూర్ బొగ్గు గనులు, ఆదిలాబాద్ పత్తి మిల్లులు తప్ప మరో దారి లేదు.

అందుకని ఒక సాయంకాలం హుస్నాబాద్ వైపు ఒక ఊరికి వెళ్ళాను. ఊరంతటికీ లైసెన్సు ఒక్కటే, పంచాయతీ రేడియోది. దాని ముందు మాత్రం నిలబడడానికి చోటు లేదు. ధరలు చెప్పే వేళకు ఒక ముసలావిడ అందరినీ కసురుతోంది.

"జర సప్పుడు చెయ్యకుండ్రిరా! గాయన పత్తి ధర చెప్తుండు."

"అవ్వా, గాయనకంటె నువ్వే ఎక్కువ ఒర్రుతున్నవ్" అని వెనక నుంచి ఎవరో అనేసరికి అందరూ నవ్వారు. ఆ నవ్విన వారందరినీ నేను లెక్కలో వేసుకున్నాను. ఆదిలాబాద్‌లో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు పక్క, మరోసారి నేను వెళ్ళిన చాయ్ హోటల్లోనూ అంతే. తెలుగు రైతులూ మరాఠీ హమాలీలూ ఒకే పెట్టె ముందు మూగేవారు.

తిరిగి వచ్చాక, కరీంనగర్‌లో రేడియోలు బాగుచేసే ఉస్తాద్ దుకాణానికి పోయాను. ఆయన కొత్త ట్రాన్సిస్టర్ రేడియో ఒకటి విప్పి, మూడు కాళ్ళ పురుగులాంటి, ట్రాన్సిస్టర్ అనే చిన్న ముక్కను నా అరచేతిలో పెట్టారు.

"జర పైలం సార్, గది కిందపడితె ఎతుకుడే గని దొరుకుడు లేదు."

ఎక్కడిదని అడిగితే, విదేశం నుంచి వచ్చిందన్నారు. పెట్టె మనది, తీగ మనది, మాట్లాడించే ముక్క మాత్రం పరాయిది. అక్కడే నా నివేదిక చివరి పేరా మనసులో తయారయింది.

అధికారి నివేదిక చదివి, "చెవులు లెక్కపెట్టి వచ్చారటండీ! వాటికి లైసెన్సులు ఎవరిచ్చారు?" అన్నారు. ధర దిగిన రోజున ఆ చెవులన్నీ ఇంటికొక రేడియో కొంటాయని నిలబడే జవాబిచ్చాను. దానికి ఒప్పుకున్నారు గాని చివరి పేరా దగ్గర ఆగిపోయారు. అందులో, పెట్టెలు మాత్రమే కూర్చే దేశం, ఆ చిన్న ముక్కను చేసే దేశం చెప్పిన ధరకు ఎప్పుడూ తల ఊపవలసిందేననీ, దాన్ని మనం ఇప్పుడే చేయడం మొదలుపెట్టకపోతే పదేళ్ళ తర్వాత పోటీ అనే మాటే ఉండదనీ రాశాను.

"జిల్లా ఆఫీసు దేశం సంగతి రాయకూడదండీ. తీసేయండి."

తీయలేదు. ఆ పేరా లేని కాగితం మీద నా సంతకం ఉండదని చెప్పి, ఆయన కోపం చల్లారేదాకా ఎదురుగా నిలబడ్డాను. చివరికి పేరాతో సహా పంపారు.

శిక్షణ కేంద్రం వచ్చింది. ఉస్తాదే అందులో తొలి పాఠం చెప్పారు. నివేదిక ప్రతి పై ఆఫీసు నుంచి తిరిగి వచ్చినప్పుడు మాత్రం, చివరి పేరా మీద ఎర్ర పెన్సిలు గీత ఉంది.

ఈనాడు ప్రతి చేతిలోనూ ఒక ఫోను, ప్రతి చెవిలోనూ వేరే మాట. ఊరంతటినీ కసిరి ఒక్క మాట వినిపించే అవ్వ అవసరం ఎవరికీ లేదు. నా చెవుల లెక్క తప్పలేదు. ఇప్పుడు చిప్ అయిన ఆ చిన్న ముక్క మాత్రం ఇంకా చాలావరకు సముద్రం దాటే వస్తోంది. ఆనాడు కొట్టివేసిన పేరానే ఈనాటి నిపుణులు మళ్ళీ మొదటి నుంచి రాస్తున్నారు. రాయనివ్వండి. ఈసారి ఎర్ర పెన్సిలు పట్టిన చెయ్యి కాస్త ఆగితే చాలు.