నలభై కంప్యూటర్లకు శాంతికుమార్ వేసిన తాళం

నెల్లిమర్ల దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో శాంతికుమార్ పంతొమ్మిదేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్. జూట్ మిల్లులో పనిచేసిన వాళ్ల నాన్న, కొడుకు ఏసీ గదిలో కుర్చీ మీద కూర్చుని పనిచేస్తున్నాడని పోయేదాకా కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆ ల్యాబ్‌లో నలభై కంప్యూటర్లున్నాయి. ఏది ఎప్పుడు మొరాయిస్తుందో, దేన్ని ఎలా బతిమాలితే లేస్తుందో శాంతికుమార్‌కి తప్ప ఇంకొకరికి తెలీదు. తెలియనిచ్చేవాడు కూడా కాదు. మనిషి మంచివాడే, ఒళ్లు దాచుకోడు. తన విద్య ఇంకొకరి చేతిలో కనపడితే మాత్రం ఓర్వలేడు.

అలాంటివాడికి గౌరి దాపురించింది. ఆ పిల్లది భావనపాడు. తండ్రి అప్పలసూరి సముద్రం మీద వేటకెళ్తాడు. మొదటి ఏడాది ల్యాబ్‌లో అడుగుపెట్టినప్పుడు స్విచ్ ఎక్కడుందో వెతుక్కున్న గౌరి, నాలుగో ఏడాదికి కాలేజీ టెక్ క్లబ్బుకి పెద్ద అయి కూర్చుంది. ఊరెళ్లి వచ్చినప్పుడల్లా ఎండు నెత్తళ్ల చేపల పొట్లం తెచ్చి "సారూ, మాయమ్మ ఇచ్చింది" అని శాంతికుమార్ చేతిలో పెట్టేది. అతను ఆ నెత్తళ్లు వేపించుకుని తినేవాడు, తింటూనే ఆ పిల్ల మీద కుళ్లుకునేవాడు. రుచి మాత్రం ఎక్కడా తగ్గేది కాదు.

ఆ ఏడాది పాత విండోస్‌కి ఇక అప్‌డేట్లు రావన్నారు. కొత్తది ఎక్కించుకునే సత్తువ ల్యాబ్ కంప్యూటర్లకు లేదు. వాటిని పారెయ్యకుండా లైనక్స్ అనే తేలికపాటి సిస్టం ఎక్కిద్దామని నాలుగేళ్ల కిందటే శాంతికుమార్ చెప్పాడు. డిపార్ట్‌మెంట్ హెడ్ జగన్నాధం గారు అప్పుడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "సూద్దాంలే" అన్నారు. ఇప్పుడు అదే మాట గౌరి అంటే, ఆహా అన్నారు. టెక్ ఫెస్ట్ మొదటి రోజున విద్యార్థులే నలభై కంప్యూటర్లకూ కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కిస్తారని నిర్ణయించారు. గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో గౌరి ఫొటో నిలువెత్తున ఉంది. శాంతికుమార్ తన పేరు ఎక్కడుందోనని చివరి వరసదాకా వెతికాడు. టెంట్ హౌస్ వాడి పేరుంది గానీ అతని పేరు లేదు.

ఇదంతా ఎలాగో మింగేసేవాడే. మింగుడుపడనిది ఇంట్లో ఉంది.

అతని కూతురు ప్రిస్కిల్లా అదే కాలేజీలో రెండో ఏడాది చదువుతోంది. ఒకప్పుడు "మా డాడీకి రాని పని లేదు" అని వీధంతా చాటిన పిల్ల, ఇప్పుడు పొద్దున లేస్తే గౌరక్క, పడుకోబోతూ గౌరక్క. ఒకరోజు రాత్రి భోజనాలప్పుడు వైఫై ఆగిపోయింది. ప్రిస్కిల్లా కంచం ముందునుంచి లేచి గౌరికి ఫోన్ చేసింది. శాంతికుమార్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇంట్లో నేనున్నాను గదే," అన్నాడు.

"నువ్వు తింటన్నావు గదా డాడీ," అని, ఫోన్‌లో "ఆఁ గౌరక్కా, ఎర్రలైటు వస్తన్నాది" అంది.

రెండు నిమిషాల్లో వైఫై వచ్చేసింది. శాంతికుమార్ ఒళ్లు మండిపోయింది. గౌరి పేరు ఫ్లెక్సీ మీద ఉంటే ఉండనీ, తన కూతురి నోట్లో ఎందుకుండాలి? ఆ రోజునుంచి అతనికి ఒకటే పట్టుదల. ఫెస్ట్ రోజున అందరి ముందూ, ముఖ్యంగా ప్రిస్కిల్లా ముందు, ఆ గౌరి తన దగ్గరికొచ్చి "మీరే దిక్కు సార్" అనాలి.

ముందురోజు సాయంత్రం అందరూ వెళ్లాక ల్యాబ్ తలుపు వేసుకుని, నలభై కంప్యూటర్లలోనూ వరసగా ఒక పని చేశాడు. కంప్యూటర్ లేచేటప్పుడు లోపలి సెట్టింగులంటూ ఉంటాయి. అక్కడికి వెళ్లి ఒప్పిస్తే తప్ప అది పెన్‌డ్రైవ్‌లోని కొత్త సిస్టంని లోపలికి రానివ్వదు. ఆ సెట్టింగులకి పాస్‌వర్డ్ పెట్టేశాడు. 21487.

ఆ నంబరు ఎక్కడిదంటే, చర్చిది. వాళ్ల బాప్టిస్టు చర్చి గోడకి ఒక చెక్కపలక ఉంటుంది. ఆ ఆదివారం పాడబోయే పాటల నంబర్లు అట్టముక్కల మీద రాసి దానికి తగిలిస్తారు. వాళ్ల నాన్న తర్వాత ఆ పని శాంతికుమార్‌కి వచ్చింది. ఆ వారం మొదటి పాట 214, రెండోది 87. ఏ వారం నంబర్లు ఆ వారమంతా అతని నాలుక మీదా, వేళ్ల మీదా ఆడుతుంటాయి. ఫోన్‌కి అవే, ఇంట్లో వైఫైకి అవే. కొత్తది ఆలోచించే ఓపిక లేక ఇక్కడా అవే కొట్టేశాడు. స్టూలెక్కి అట్టముక్కలు తగిలిస్తుంటే కిందనుంచి ఒక్కొక్కటీ అందించేది ప్రిస్కిల్లా అన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. అసూయ పట్టినవాడికి తనకి ఎదురుగా ఉన్న ఒక్క మనిషే కనిపిస్తుంది, పక్కనున్నవాళ్లు కనపడరు.

మర్నాడు పది గంటలకి ల్యాబ్ కిటకిటలాడింది. జగన్నాధం గారు రిబ్బన్ కత్తిరించారు, ఫొటోలు తీశారు. విద్యార్థులు పెన్‌డ్రైవ్‌లు పెట్టి ఒకేసారి స్విచ్‌లు నొక్కారు. నలభై తెరలూ పాస్‌వర్డ్ అడిగాయి.

"ఇదేటి, నిన్న నేదు గదా?"

"నాదీ అడుగుతన్నాది!"

జగన్నాధం గారి మొహం మాడిపోయింది. "ఏటమ్మా గౌరీ, ప్రిన్సిపాల్ గారు పదకొండుకి వస్తన్నారు," అన్నారు. గౌరి నుదుటి మీద చెమట తుడుచుకుంది. మూల కుర్చీలో కూర్చున్న శాంతికుమార్‌కి కడుపు నిండా పాలు తాగినట్టయింది. గౌరి అతని వైపే బయల్దేరింది. అతను చొక్కా సర్దుకున్నాడు. ఏమనాలో నిన్ననే అనుకుని పెట్టుకున్నాడు. ముందు "తొందరపడకండమ్మా" అనాలి. ఆ పిల్ల నాలుగడుగుల దూరంలోకి వచ్చి "శాంతికుమార్ సార్" అని నోరు తెరిచింది, అతను సగం లేచాడు.

"గౌరక్కా, ఒచ్చీసింది!"

మూడో వరసలోంచి ప్రిస్కిల్లా. ఊరికే చూద్దామని ఇంటి వైఫై నంబరు కొట్టింది, తెరుచుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ప్రిస్కిల్లా కూడా నవ్వబోయింది. అంతలో ఆ నంబరు ఎవరిదో బుర్రకెక్కింది. నవ్వు సగంలో ఆగిపోయింది. తల తిప్పి తండ్రి వైపు చూసింది. సగం లేచినవాడు లేవనూ లేక, కూర్చోనూ లేక అలాగే ఉండిపోయాడు.

"ఎవుడు పెట్టినాడర్రా ఈ పాస్‌వర్డు?" అని జగన్నాధం గారు గట్టిగా అరిచారు. "ఫెస్టు పాడుసెయ్యాలనే సేసినాడు. ఆడి పేరు నాకు కావాల!"

ఇంట్లో చిన్న అబద్ధానికి కూడా పిల్లని మోకాళ్ల మీద నిలబెట్టి ప్రార్థన చేయించిన మనిషి శాంతికుమార్. ఇప్పుడు అతనే తల దించేసుకున్నాడు.

"ఎవులూ పెట్టలేదు సార్," అంది ప్రిస్కిల్లా. "పాత కంప్యూటర్లు గదా, లోపల బ్యాటరీలు అయిపోతే పాత పాస్‌వర్డులు అవే వచ్చీస్తాయి."

అది పచ్చి అబద్ధమని ఆ గదిలో ముగ్గురికి తెలుసు. గౌరి ప్రిస్కిల్లా వైపు చూసింది, శాంతికుమార్ వైపు చూసింది. ఏం అర్థమైందో గానీ, "అవును సార్, అలగవుతాది," అంది. తర్వాత శాంతికుమార్ దగ్గరికొచ్చి, "సారూ, మొదటి సిస్టం మీరే ఎక్కించండి. మీ సెయ్యి మంచిది," అంది.

సరిగ్గా అతను కోరుకున్న మాటే అది, అందరి ముందూ, కూతురి ముందూ. వెళ్లి కూర్చున్నాడు. ఒకే అక్షరం రెండుసార్లు తప్పు కొట్టాడు. ఎవరో ఫొటో తీశారు. జాలిపడి వేసిన ముష్టి అని తెలిసీ తీసుకున్నాడు. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవడానికి ఇప్పుడు ఒక్క కారణం కూడా మిగలలేదు. అందుకే ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

సాయంత్రం బండి మీద ఇంటికి వస్తుంటే ప్రిస్కిల్లా వెనక కూర్చుంది. మిల్లు గేటు దాటాక అడిగింది.

"గౌరక్క మీద కుళ్లేనా డాడీ?"

శాంతికుమార్ బండి పక్కకి ఆపాడు. వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. "కుళ్లే. అబద్ధమెందుకు. వైఫై పాడైతే ఆ పిల్లకి ఫోన్ సేస్తావు. పంతొమ్మిదేళ్లబట్టి అదే పని సేస్తన్నోడు నీ ఎదురుగా కూకుని అన్నం తింటన్నాడు. నా కూతురికే నేను పనికిరాకపోనాను గదా అని కడుపు మండిపోనాది."

"టెన్త్ అయిపోనాక ఆ సెలవులంతా నీ ఎనకాలే తిరిగినాను డాడీ," అంది ప్రిస్కిల్లా. "ఓఎస్ ఎలగెక్కిస్తారో నేర్పు, నేర్పు అని. నీకేల ఇదంతా, పోయి సదువుకో అన్నావు. నేను పక్కన కూకుంటే తెర అటేపు తిప్పీసీవోడివి. గౌరక్కని నేను అడగను కూడా అడగనేదు. తనే కేకేసి కూకోబెట్టి నేర్పింది."

నిజమే, తిప్పేసేవాడు. ఎవరు చూసి నేర్చేసుకుంటారోనని ఏళ్లతరబడి అలవాటుపడ్డ చెయ్యి, పక్కనున్నది కూతురని కూడా చూడలేదు. రోడ్డు మీద బస్సులు వెళ్తున్నాయి. శాంతికుమార్ ఇప్పుడు వెనక్కి తిరిగాడు.

"ఇప్పుడు నేర్పుతానే."

"ఇప్పుడు నాకొచ్చు డాడీ," అంది ప్రిస్కిల్లా.