క కోసం వదిలిన గీతలు

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘపెద్ద నా చేతిలో ఒక కవర్ల కట్ట పెట్టాడు. గుడికి రంగులు వేయించడానికి పాత బీరువా ఖాళీ చేశారట, అందులో మా ఇంటివి ఇవి దొరికాయట. కట్టకు చుట్టిన రబ్బరు ముట్టుకోగానే తెగిపోయింది. అవేమిటో నాకు విప్పకుండానే తెలుసు.

మా బారిడీహ్ తెలుగు గుడిలో ఒకప్పుడు ఒక ఆనవాయితీ ఉండేది, మీలో కొందరికైనా గుర్తుండాలి. జనవరి ఒకటో తారీకు ఉదయం, ఆ ఏడు ఏం సాధించదలచుకున్నామో కాగితం మీద రాసి, లేచి అందరి ముందూ చదివి, కవరులో పెట్టి అంటించి పాస్టరుగారికి ఇచ్చేవాళ్ళం. చదవలేనివాళ్ళు ఊరికే ఇచ్చినా సరిపోయేది. మాట నిలబెట్టుకున్నవాళ్ళు డిసెంబరులో వెళ్ళి తమ కవరు వెనక్కి తెచ్చుకునేవారు. మిగిలినవి బీరువాలోనే ఉండిపోయేవి.

అలా ఉండిపోయిన నా కవర్లు పదకొండు. పదకొండింటిలోనూ ఒకటే మాట: ఈ ఏడు నా భార్యకు చదువు నేర్పుతాను.

ఆమె శ్రీకాకుళం వైపు పల్లె నుంచి నన్ను కట్టుకుని, హిందీ నేల మీది ఈ ఇనుము కార్ఖానాల ఊరికి వచ్చింది. బడి ముఖం చూడలేదు. పాటలన్నీ నోటికి వచ్చినా, పుస్తకం మాత్రం నేను పేజీ తీసి ఇస్తేనే పట్టుకునేది, తొందరలో ఒక్కోసారి తలకిందులుగా. స్త్రీల కూటంలో వంతులవారీగా బైబిలు వాక్యం చదవాలి. తన వంతు వచ్చిన వారమల్లా ఆమెకు జ్వరం వచ్చేది. ఒక్కసారైనా జ్వరం రాకుండా, నిలబడి చదివి కూర్చోవాలన్నదే ఆమె కోరిక. నన్ను ఇంకేదీ అడిగినట్టు గుర్తు లేదు.

నేను చదివిన తీర్మానానికి గుడిలో అందరూ ఆమెన్ అనేవారు, పాస్టరుగారు భుజం తట్టేవారు. కూర్చునేసరికి నాకు పని సగం అయిపోయినట్టుండేది. నిజం చెప్పాలంటే, మొత్తం అయిపోయినట్టే ఉండేది. జనవరిలో నోటుబుక్కు కొనేవాణ్ణి, గీతలు గీసి, అక్షరం మొదలుపెట్టాల్సిన చోట పెన్సిలుతో చుక్క పెట్టి ఇచ్చేవాణ్ణి. అ నుంచి ఔ వరకు వచ్చేసరికి నెలాఖరయ్యేది. ఆ తరువాత గమ్హరియా కార్ఖానా బస్సు దిగి తిన్నగా ఇంటికి రాకుండా, స్నేహితులతో క్యారమ్స్ దగ్గర కూర్చునేవాణ్ణి. ఓవర్‌టైమ్ అని చెప్పేవాణ్ణి. ఓవర్‌టైమ్ ఉన్నది ఎప్పుడో ఒకసారి. మళ్ళీ జనవరి వచ్చేది, కొత్త నోటుబుక్కులో మళ్ళీ అ.

ఒక ఏడు ఆమె పలక తుడుచుకున్నంత మామూలుగా అంది: "ఏటయ్యా, అఆలు నాకు నిద్దట్లో కూడా వత్తన్నాయి. ఆ క కాడ ఏటుందో ఈపాలైనా సూపిత్తావా?" నేను నవ్వేశాను. ఆమె కూడా నవ్వింది.

ఆ ఏడే ఆమె జ్వరం తెచ్చుకోకుండా తన వంతుకు వెళ్ళింది. ముందురోజు నేను డ్యూటీ బూట్లు కట్టుకుంటూ బైబిల్లోని ఒక కీర్తన మూడుసార్లు చదివి వినిపిస్తే, దాన్ని కంఠతా పట్టింది. తీరా అక్కడ పెద్దావిడ, ఈ వారం వేరే కీర్తన చదువమ్మా అన్నదట. పుస్తకం పట్టుకుని ఆమె ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు. ఇంటికొచ్చి ఎప్పటిలాగే వంట చేసింది. పక్కింటి అత్త చెబితే తెలిసింది. రేపటి నుంచి రోజూ నేర్పుతానని ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాను. మర్నాడు క్యారమ్స్ పోటీ ఉంది.

ఆ తరువాత చక్కెర జబ్బు ఆమె కళ్ళలోకి దిగింది. చూపు ముప్పావు వంతు పోయాక వచ్చిన జనవరిలో నేను మళ్ళీ కాగితం, కలం పట్టుకుని కూర్చుంటే, గోడకానుకుని ఉన్న ఆమె ఆ చప్పుడు పోల్చుకుంది.

"రాయకయ్యా. రాత్తే నాను మళ్ళీ ఆశపడిపోతాను."

నేను రాయలేదు. ఆమె మాట నేను నిలబెట్టింది అదొక్కటే. ఆమె పోయి ఇప్పటికి ఆరేళ్ళు.

ఇంటికొచ్చి లెక్కపెడితే కట్టలో పన్నెండు కవర్లున్నాయి. పన్నెండోదాని మీద అప్పటి సంఘపెద్ద చేతిరాతతో ఆమె పేరుంది. ఏ ఏడు ఇచ్చిందో తెలియదు, నాకెప్పుడూ చెప్పలేదు. లోపల నోటుబుక్కులోంచి చింపిన ఒక కాగితం. పైన అ నుంచి ఔ వరకు, గుండ్రంగా, ఎక్కడా దిద్దకుండా రాసింది. కింద స్కేలు పెట్టి గీతలు గీసుకుంది, కాగితం చివరిదాకా. మొదటి గీత మొదట్లో, నేను పెట్టే చోటే, పెన్సిలుతో ఒక చుక్క. ఆ చుక్క తరువాత ఏమీ లేదు.

ఇప్పుడు మా గుడిలో పాట గోడ మీది తెరపై కనిపిస్తుంది. తెలుగు రాని పిల్లల కోసం దాని కిందే హిందీ అక్షరాలు కూడా వేస్తారు. వాక్యం కావాలంటే ఫోనే చదివి వినిపిస్తుంది. స్త్రీల కూటంలో వంతులు లేవు, జనవరిలో కాగితాలూ లేవు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నామేమోనని ఎవరూ పక్కకు చూసుకోరు. ఈ రోజుల్లో అయితే ఆమెకు ఏ వారమూ జ్వరం రావలసిన పని ఉండేది కాదు. అయినా ఇంత కాలం ఆగక్కరే లేకపోయింది. రోజుకు అరగంట ముందుగా నేను ఇంటికి వచ్చినా సరిపోయేది.